రెండో టేక్

మార్చి 4

ప్రియమైన తమ్ముడికి,

నీ సొరంగం ఎంతవరకు వచ్చింది? ఆ కొండల్లో ఫోన్ పలకదనీ, వారానికోసారి సరుకుల బండిలో వచ్చే ఉత్తరాలే దిక్కనీ మీ ఆఫీసువాళ్ళు చెప్పారు. అందుకే కాగితం పట్టుకున్నాను. పొద్దస్తమానం ప్రెస్సువాళ్ళ ప్రూఫులు దిద్దే చెయ్యి కదా, నేను రాసుకున్న దాంట్లోనూ తప్పులే వెతుకుతోంది. ఓపిక పట్టి చదువు.

పక్షవాతంతో పడిపోయిన అమ్మని ఆసుపత్రి నుంచి తెచ్చి ఇరవై రోజులైంది. కుడి కాలు కొంచెం కదుపుతోంది. మాట మాత్రం రావడం లేదు. మనం చెప్పేదంతా అర్థమవుతుంది. నోరు తెరుస్తుంది, లోపలి నుంచి గాలి వస్తుంది, అంతే. ముప్పై ఏళ్ళు డబ్బింగ్ చెప్పి తెర మీద ఎందరికో గొంతైన మనిషి ఇప్పుడు మంచినీళ్ళకి వేలు చూపిస్తోంది.

మాట నేర్పడానికి వారానికి రెండుసార్లు ఒకావిడ వస్తోంది. మా పిచ్చుక ఆవిడకి 'మాటల డాక్టరమ్మ' అని పేరు పెట్టింది. (నీ మేనకోడలికి ఏడేళ్ళొచ్చాయిరా. నువ్వు చివరిసారి చూసినప్పుడు మూడు.) "కంఠతా వచ్చినవి ముందు తిరిగొస్తాయి కొందరికి. బాగా అలవాటైన మాటలు వినిపిస్తూ ఉండండి" అందావిడ. అమ్మకి డైలాగుల కంటే అలవాటైనవి ఏముంటాయి? మీ బావ టీవీని అమ్మ గదిలోకి మార్చారు. లిఫ్టులు బాగుచేసేవాడికి ఇదొక బరువా అని గొప్పలు పోయి, గోడకి బిగించేసరికి నడుం పట్టేసి రెండు రోజులు తనే మంచమెక్కారు.

మొన్న ఆదివారం అందరం అమ్మ మంచం చుట్టూ చేరి, ముగ్గురు తోడికోడళ్ళ సినిమా చూశాం. నడిమి కోడలు గయ్యాళి, దానికి గొంతు అమ్మదే. నేను పదిసార్లు చూసి ఉంటాను, ఎప్పుడూ ఉత్త గోల అనిపించేది. ఈసారి వేరేది పట్టుకున్నాను. ఆ నటి ముఖంలో కోపం ఒక్కటే ఉంటుంది. కోపం అడుగున నవ్వొకటి వినిపిస్తుంది చూడు, అది అమ్మది. ఆ నవ్వు లేకపోతే ఆ గయ్యాళిని జనం క్షమించేవాళ్ళు కాదు.

"అమ్మమ్మ గొంతు టీవీ వాళ్ళ దగ్గరుందిగా, అడిగి తెచ్చేసుకుందాం" అంది పిచ్చుక. అమ్మ పెదాలు కదిలాయి, నటితో సమానంగా, ఒక్క అక్షరం అటూ ఇటూ కాకుండా. శబ్దం లేదు.

ఒక్కసారి వచ్చి వెళ్ళు. అడిగించుకోకురా.

ప్రేమతో,
అక్క

*

మార్చి 15

ప్రియమైన అక్కకి,

ఉత్తరం అందింది. ఇక్కడ నేను డ్రిల్లు వేసే జట్టుకి పెద్దని. కొండ అటువైపు నుంచి ఇంకో జట్టు తవ్వుకొస్తోంది. రెండు దారులూ కలిసేదాకా సెలవు దొరకదు. ఇది సాకు కాదు, నిజం. సగం సాకు అనుకున్నా నేనేమీ అనుకోను.

అమ్మకి మాట పోయిందని రాశావు. నా మటుకు నాకు, ఆ మాట ఎప్పుడుందక్కా?

నాన్న పోయాక నువ్వు హాస్టల్లో ఉన్నావు. సెలవులకి వచ్చేదానివి, ఆ నాలుగు రోజులూ అమ్మ నీతో కబుర్లు చెప్పేది. మిగతా రోజులు ఎలా ఉండేవో నీకు తెలీదు. రికార్డింగ్ ఉంటే గొంతు దాచుకోవాలని ఇంట్లో నోరు తెరిచేది కాదు. వంటగది గుమ్మానికి ఒక పలక వేలాడేది. "తిను." "చదువుకో." "తలుపేసుకుని పడుకో." నేను అక్షరాలు నేర్చుకున్నది బళ్ళో కాదు, ఆ పలక మీద. రోజంతా పక్కింటి టైలరమ్మ దగ్గర వదిలేసేది.

రైల్వే స్టేషన్లో పిల్లాడు తప్పిపోయే సినిమా గుర్తుందా? నేను దాన్ని టైలరమ్మ ఒళ్ళో కూర్చుని చూశాను. తెర మీద ఎవరో తల్లి పరిగెడుతుంటే, అమ్మ గొంతు "పండూ!" అని కేక పెట్టింది. హాలంతా వెక్కి వెక్కి ఏడ్చింది. నేను కుర్చీ కిందికి దూరి కూర్చున్నాను. నన్ను ఏ రోజూ అలా పిలవలేదు.

అంతకు కొన్ని నెలల ముందు నేనూ తప్పిపోయాను. ఆరేళ్ళవాణ్ణి, అమ్మని వెతుక్కుంటూ స్టూడియోకని బయల్దేరి వేరే బస్సెక్కాను. ఆ బస్సు ఆగిపోయే చివరి స్టాపులో టికెట్లిచ్చే ఆవిడ దగ్గర సాయంత్రం దాకా కూర్చున్నాను. పొద్దు వాలాక అమ్మ వచ్చింది. వస్తూనే చెంప పగలగొట్టింది. తర్వాత రెండు రోజులు మాటల్లేవు, పలక కూడా ఖాళీయే. పని మానుకుని రావలసి వచ్చిందని కోపం కాబోలు అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటున్నాను.

నువ్వు సినిమాలు చూపించు. వద్దనను. నన్ను మాత్రం పిలవకు.

పిచ్చుకకి నా ముద్దులు. బావ నడుం ఎలా ఉంది?

తమ్ముడు

*

మార్చి 29

ఒరేయ్ బుజ్జీ,

నీ ఉత్తరాన్ని రెండు రోజులు ప్రూఫుల సంచిలోనే పెట్టుకు తిరిగాను. పలక సంగతి నాకు నిజంగా తెలీదు. తెలిసి ఉంటే ఏం చేసేదాన్నో అదీ తెలీదు. నాకు పదకొండేళ్ళు.

అయినా ఇంటి సంగతులు రాస్తాను, నువ్వే చదవాలి మరి.

పోయిన వారం ఆడ జడ్జి సినిమా పెట్టాం. అందులో అమ్మ తీర్పు చదువుతుంటే మీ బావ నిటారుగా కూర్చున్నారు, తనకే శిక్ష పడుతున్నట్టు. సినిమా మాత్రం పాతబడిపోయింది. ఆ జడ్జి ఇంటికెళ్ళి మొగుడి కాళ్ళ దగ్గర క్షమాపణ చెప్పడంతో ముగుస్తుంది. చిన్నప్పుడు నాకది తప్పనిపించలేదు. ఈసారి పిచ్చుక అడిగింది, "అంత పెద్ద జడ్జి కదా, ఎందుకు ఏడుస్తోంది?" అని. అమ్మ ముఖం చూశాను. అమ్మ కళ్ళు మూసుకుని ఉంది.

నిన్న ఆ స్టేషన్ సినిమా పెట్టాను. నువ్వు రాయబట్టే పెట్టాను, దాచను. "పండూ!" అనే కేక వచ్చింది. అమ్మ ఎడమ చేత్తో మంచం కోడు మీద గట్టిగా కొట్టింది. ఆపమంటోందేమో అనుకుని ఆపాను. కాదని తల అడ్డంగా ఊపింది. వెనక్కి తిప్పమంది. తిప్పాను. మళ్ళీ కొట్టింది. తొమ్మిదిసార్లు తిప్పించుకుంది రా. ప్రతిసారీ ఆ కేక దగ్గర నోరు తెరుస్తుంది, తెరపైన ఉన్నావిడతో కలవదు. పెదాలు వేరే ఆకారానికి పోతున్నాయి. చివరికి చెమటలు పట్టి వెనక్కి వాలిపోయింది. కళ్ళ నిండా నీళ్ళు.

ఇందులో ఏదో ఉంది. సౌండు మావయ్య గుర్తున్నాడా, రికార్డింగ్ థియేటర్లో మీటల దగ్గర కూర్చునే లావుపాటి ఆయన? ఇంకా ఉన్నాడట. ఎక్కడో కనుక్కోమని మీ బావకి చెప్పాను.

ప్రేమతో,
అక్క

*

ఏప్రిల్ 10

ప్రియమైన అక్కకి,

మాకు భోజనాల షెడ్డులో ఒక టీవీ ఉంది. ఆదివారం మధ్యాహ్నం ఒకటే సినిమా, అందరూ కలిసి. మొన్న పెట్టింది నేను పేరు కూడా వినని పాత సినిమా. వెనక బెంచీ మీద బూట్లు విప్పుకుంటూ కూర్చున్నాను. తెర వైపు చూడనే లేదు. నర్సు వేషంలో ఉన్న ఒకావిడ రోగితో, "లేవకండి, నేనున్నానుగా" అంది.

అమ్మ గొంతు. ఎన్నేళ్ళయింది విని! బూటు చేతిలోనే ఉండిపోయింది.

మా వంటాయన అరవై ఏళ్ళవాడు, ఎవరితోనూ మంచిగా మాట్లాడి ఎరగడు. గరిటె పక్కన పెట్టి, "ఎవరిదోగానీ ఆ గొంతు! ఆవిడ అలా అంటే చావడానికి కూడా భయమెయ్యదు" అన్నాడు.

మా అమ్మది అని చెప్పాలనుకున్నాను. నాలిక చివరిదాకా వచ్చింది. చెబితే, ఎలా ఉంటారు ఆవిడ, ఇంట్లో కూడా అలాగే మాట్లాడతారా అని అడుగుతారు. లేచి బయటికి పోయాను. ఒక కాలికే బూటుందని రాళ్ళు గుచ్చుకున్నాక తెలిసింది.

సౌండు మావయ్య దొరికాడా?

తమ్ముడు

*

ఏప్రిల్ 26

ప్రియమైన బుజ్జికి,

దొరికాడు. కూతురి ఇంట్లో, రెండో అంతస్తులో ఉంటున్నాడు. జీవితమంతా చెవులతో బతికిన మనిషికి ఇప్పుడు ఒక చెవి పూర్తిగా పోయింది. రెండో చెవి దగ్గర నోరు పెట్టి మాట్లాడాను. స్టేషన్ సినిమా అనగానే చేతిలోని కప్పు కింద పెట్టేశాడు.

ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. ఒక్క మాట కలపలేదు.

ఆ రోజు పొద్దుట్నుంచీ ఆ ఒక్క కేక కోసమే అమ్మని గాజు గదిలో నిలబెట్టారు. ఎన్నిసార్లు చెప్పినా దర్శకుడికి నచ్చలేదు. మధ్యాహ్నం రెండింటికి ఫోన్ మోగింది. టైలరమ్మ. పది గంటల నుంచీ బాబు కనిపించడం లేదని ఏడుస్తూ చెప్పింది. ఫోన్ ఎత్తింది సౌండు మావయ్యే. దర్శకుడికి చెప్పాడు. "ఈ ముక్క అయ్యాక చెబుదాం" అన్నాడట ఆయన. గంటసేపు చెప్పలేదు, బుజ్జీ. గంట.

అప్పటికీ కేక కుదరలేదు. అప్పుడు దర్శకుడు లోపలికి వినిపించే మైకు నొక్కి, మావయ్యని టేపు తిప్పమని సైగ చేసి, అమ్మతో అన్నాడు: "మీ అబ్బాయి పొద్దుట్నుంచీ కనిపించట్లేదటమ్మా."

అమ్మ కేక పెట్టింది. "అలాంటి అరుపు నేను మళ్ళీ వినలేదమ్మా. అద్దం అదిరింది" అన్నాడు మావయ్య. తెర మీద తల్లి నోరు తెరిచిన క్షణానికి సరిగ్గా పడిందట. కానీ అమ్మ అన్నది "బుజ్జీ!" అని.

పేరు తప్పు. పనికిరాదు. "ఇంకొక్కసారి, పండూ అని" అన్నాడు దర్శకుడు.

అమ్మ అద్దంలోంచి వాళ్ళిద్దరినీ చూసింది. చూసి, మళ్ళీ మైకు దగ్గరికి వెళ్ళి "పండూ!" అని అరిచింది. హాళ్ళలో జనం ఏడ్చింది ఆ రెండోదానికి. అది అయ్యాక చెవులకున్న హెడ్‌ఫోన్ తియ్యకుండానే పరిగెత్తింది, తీగ తెగిపోయింది.

"ఆ రెండోసారి ఎందుకు చెప్పిందో నాకు తెలీదు. చెబితేగానీ తలుపు తియ్యరనుకుందో, ఇంకొక్కసారి అంటే చెప్పడం అలవాటైపోయిందో. నేను అడగలేదు. ఆపే మీట నా వేలి కిందే ఉందమ్మా, నేనూ ఆపలేదు" అని ముఖం కప్పుకున్నాడు.

మొదటి కేక ఉందా అని అడిగాను. లేదు. దాని మీదే రెండోది ఎక్కించారట.

తర్వాత రెండు రోజులు అమ్మకి గొంతు పూర్తిగా పోయిందట. స్టూడియోవాళ్ళే డాక్టరుకి చూపించారు. నీ మీద కోపం కాదురా అది. పలక మీద ఎందుకు రాయలేదో మాత్రం నేను చెప్పలేను. ఏమని రాస్తుంది?

అమ్మని వెనకేసుకు రావాలని ఇది రాయడం లేదు. నీకు తెలియాలి, అంతే.

అక్క

*

మే 5

అక్కా,

సొరంగం నిన్న కలిసింది. అటువైపువాళ్ళ దీపాలు కనిపించాయి. అందరూ కేరింతలు కొడుతుంటే నేను సెలవు కాగితం రాసుకుంటున్నాను. వచ్చే బండిలో బయల్దేరుతున్నాను. నాలుగు రోజులే ఇచ్చారు. మావయ్య చెప్పిందేదీ అమ్మ దగ్గర ఎత్తకు.

తమ్ముడు

*

జూన్ 6

ప్రియమైన బుజ్జికి,

క్షేమంగా చేరావని తెలిసి స్థిమితపడ్డాను. నాలుగు రోజులైనా నిన్ను ఇంట్లో చూసుకున్నాం. నువ్వు చేసిచ్చిన చెక్క మెట్టు ఎక్కి పిచ్చుక ఇప్పుడు అద్దం అందుకుంటోంది. వచ్చినవాళ్ళందరికీ మా మావయ్య చేశాడని చూపిస్తోంది.

ఒక సంగతి అడగాలి. నువ్వు వెళ్ళినప్పటి నుంచీ అమ్మ నోరు తెరవడం మానేసింది. సినిమా పెడితే గోడవైపు తిరిగిపోతోంది. పెదాలు కూడా కదపదు. డాక్టరమ్మ వచ్చినప్పుడల్లా ఏమీ చేయించలేక వెళ్ళిపోతోంది. "ఇంత వెనక్కి ఎందుకు పోయారు? ఇంట్లో ఏమైనా జరిగిందా?" అని అడిగింది. ఏమీ లేదన్నాను.

మూడో రోజు మధ్యాహ్నం నేను ప్రెస్సుకి, మీ బావ పనికి, పిచ్చుక వేసవి క్లాసుకి వెళ్ళాం. మీరిద్దరే ఉన్నారు. నేను తిరిగొచ్చేసరికి నువ్వు వరండాలో నిలబడి ఉన్నావు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మనసు విప్పి ఏడ్చావనుకుని సంతోషించాను కూడా. బుజ్జీ, ఏమైంది?

అక్క

*

జూన్ 17

అక్కా,

ఈ కాగితం మూడుసార్లు చింపి మళ్ళీ మొదలుపెట్టాను.

ఆ మధ్యాహ్నం ఆ సినిమా నేనే పెట్టాను. మంచి మనసుతోనే పెట్టాను. అమ్మ పక్కన కూర్చుని, ఎడమ చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. నాకెంత వయసొచ్చిందో అంతకాలం పట్టింది ఆ చెయ్యి పట్టుకోవడానికి. కేక రాగానే సినిమా ఆపేశాను. అమ్మ తెరని చూడలేదు, నన్ను చూసింది. గొంతు దగ్గర నరాలు లేచాయి.

"పం... డూ" అంది.

మాట, అక్కా. నిజం మాట. పగిలిపోయి, బొంగురుగా, కానీ మాట. నన్ను చూసి, నన్నే పిలిచింది. కంఠతా వచ్చినవే ముందు వస్తాయని డాక్టరమ్మ చెప్పిందని నువ్వు మొదటి ఉత్తరంలోనే రాశావు. నాకు తెలుసు ఆ సంగతి.

తెలిసి కూడా నేనేం చేశానో చెప్పనా? "పండు కాదమ్మా, బుజ్జి. బుజ్జి అను" అన్నాను.

అమ్మ ప్రయత్నించింది. మళ్ళీ "పండూ" అనే వచ్చింది. "కాదు, బుజ్జి. ఇంకొక్కసారి" అన్నాను. నాలుగుసార్లు అనిపించాను. ప్రతిసారీ అదే పేరు. ప్రతిసారీ నేను 'ఇంకొక్కసారి' అన్నాను. ఆ మాట అమ్మతో ముందు ఎవరన్నారో నాకు గుర్తొచ్చేసరికి ఆలస్యమైపోయింది. అమ్మ నా చేతిలోంచి చెయ్యి లాక్కుని, గోడవైపు తిరిగింది.

మూడు నెలల తర్వాత వచ్చిన మొదటి మాటని నేను తప్పు పట్టాను. నువ్వు ప్రూఫుల్లో కూడా ఇంత కర్కశంగా దిద్దవు.

మూడు వారాల సెలవుకి రాశాను. ఇవ్వకపోతే ఉద్యోగం వదిలేసి వస్తాను. ఏ పేరుతో పిలిచినా పలుకుతాను. అసలు పిలవకపోయినా పలుకుతాను.

నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు. ఉత్తరంలో వద్దు, ఎదురుగా.

తమ్ముడు

*

సెప్టెంబర్ 3

ప్రియమైన బుజ్జికి,

ఆఫీసువాళ్ళ వైర్‌లెస్‌లో కబురు నీకు అందిందని తెలిసింది. కొండచరియ పడి దారి మూసుకుపోయిందనీ, నువ్వు పదిహేను కిలోమీటర్లు నడిచి వచ్చి అక్కడి నుంచి వెనక్కి తిరిగావనీ కూడా చెప్పారు. నువ్వు అందలేదని ఇక్కడ ఎవరూ ఏమీ అనలేదు. నువ్వు కూడా అనుకోకు.

మంగళవారం మధ్యాహ్నం జరిగింది. పిచ్చుకకి బడి లేదు. ఏదో కొత్త హాస్య సినిమా పెట్టుకుంది, అమ్మ గొంతు లేనిది. అదే మంచం మీద, అమ్మ కాళ్ళ దగ్గర బోర్లా పడుకుని కిలకిలా నవ్వుతోంది. నేను కిటికీ దగ్గర ప్రూఫులు చూసుకుంటున్నాను. అమ్మ నిద్రపోతోందనుకున్నాను. సినిమా అయ్యాక దుప్పటి సరిచేద్దామని వెళ్తే తెలిసింది. ఎప్పుడు పోయిందో మా ఇద్దరికీ తెలీదు. ఆ నవ్వుల్లోనే ఎక్కడో పోయింది. పిచ్చుక ఇప్పటికీ టీవీ గదిలోకి రావడం లేదు. "నేను నవ్వుతూనే ఉన్నానమ్మా" అంటుంది. ఎంత చెప్పినా వినదు.

వైర్‌లెస్‌లో నువ్వు ఒక్కటే అడిగావట, చివర్లో నన్ను పిలిచిందా అని. అబద్ధం రాయొద్దన్నావట. రాయను. పిలవలేదు. నిన్నూ పిలవలేదు, నన్నూ పిలవలేదు, పండునీ పిలవలేదు. జూలైలో వచ్చి నువ్వు మూడు వారాలు పక్కన కూర్చుని కబుర్లు చెప్పి, గోరువెచ్చని నీళ్ళు పట్టి, ఆవిడ అడగని వాటికి కూడా "ఆఁ, వస్తున్నానమ్మా" అని పలికావు. నోరు తెరవలేదు. నువ్వు వెళ్ళాక కూడా తెరవలేదు. ఆ రోజు నువ్వు చేసినదానికి అమ్మ క్షమించిందో లేదో నేను చెప్పలేను. ఆవిడ చేసినదాన్ని నువ్వు క్షమించావో లేదో అదీ అడగను.

కానీ నేను చూసినదొకటి ఉంది. అది నీకు చెప్పడానికే ఈ ఉత్తరం.

ఆ మూడు వారాలూ రోజూ నాలుగింటికి నువ్వు టీ తాగడానికని కింద కొట్టుకి వెళ్ళేవాడివి. నువ్వు గది దాటగానే అమ్మ గోడవైపు నుంచి ఇటు తిరిగేది. ఆ చచ్చుబడ్డ ఒంటితో, మోచెయ్యి ఆనించి, ఆయాసపడుతూ తిరిగేది. తిరిగి, గుమ్మాన్నే చూస్తూ ఉండేది. పక్కన నేను మాట్లాడినా రెప్ప వెయ్యదు. మెట్ల మీద నీ అడుగుల చప్పుడు వినగానే మళ్ళీ గోడవైపు తిరిగేది. ఇరవై ఒక్క రోజులు, ఒక్క రోజు కూడా తప్పలేదు.

నీకు చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను. చెబితే నువ్వు తలుపు చాటున నిలబడి చూస్తావు, ఆవిడ మానేస్తుందని ఊరుకున్నాను. తప్పు చేశానేమో. ఆ చూపు నువ్వు చూసే వీలు లేదురా. నువ్వు లేనప్పుడే అది ఉండేది.

దారి బాగయ్యాక రా. తొందరేమీ లేదు.

అక్క